షుగర్ క్యాంపులో పంచదార లేదట!

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో ‘ఉచిత మధుమేహ శిబిరానికి విశేష స్పందన’ అని రాసి, రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో వేశారు. ఆ స్పందనలో నేనూ ఒకణ్ణి. ఫొటో తీయగానే మీ విలేకరి వెళ్ళిపోయినట్టున్నారు, మిగతాది నేను రాస్తున్నాను.

పరగడుపున రమ్మంటే ఆరున్నరకే వరుసలో నిలబడ్డాం. ముఖ్య అతిథి రానిదే సూది గుచ్చరట. ఆయన పదింపావుకి వచ్చారు. నా ముందున్న పెద్దాయన రోజూలాగే షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొచ్చాడు, వద్దని ఆయనకెవరూ చెప్పలేదు. పది కాకముందే చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. చేతిలో చీటీ వణుకుతోంది. పేరడిగితే ఊరి పేరు చెప్పాడు. గ్లూకోజ్ పొడి ఉందా అని బల్ల దగ్గర కుర్రాణ్ణి అడిగాను. ‘ఇది షుగర్ క్యాంపండీ’ అన్నాడు! చివరికి ఎదురుగా టీ బడ్డీ ఆవిడ మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకి మనిషి తేరుకున్నాడు.

ముప్పయ్యేళ్ళు బళ్ళో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. మన ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా అందులో గ్లూకోజ్ చెంచాడే, మామూలుగా 5 గ్రాములు దాటదు. తిన్నాక అది పెరిగితే క్లోమం ఇన్సులిన్ వదిలి కండరాల్లోకి, కాలేయంలోకి సర్దిస్తుంది. తిండి లేనప్పుడు అదే క్లోమం ఇన్సులిన్ తగ్గించి గ్లూకగాన్ అనే హార్మోన్ వదులుతుంది. కాలేయం తను గ్లైకోజెన్‌గా దాచుకున్న గ్లూకోజ్‌ని కరిగించి మళ్ళీ రక్తంలోకి ఇస్తుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు పడిపోకుండా నిలబడేది అందుకే. ఆ పెద్దాయన వేసుకున్న మాత్రేమో కడుపు ఖాళీగా ఉందా అని చూడదు, ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. అది ఉన్నంతసేపు కాలేయం చెయ్యి విదల్చదు. షుగర్ 70కి దిగువన జారితే ముందు తల్లడిల్లేది మెదడు. మా పిల్లలకి ఇది నాలుగు మార్కుల ప్రశ్న.

అతిథిగారేమో ‘తీపి మానేస్తే షుగర్ రాదు’ అని సెలవిచ్చారు. మూడు పూటలా తినే అన్నం ఒంట్లో ఏమవుతుందో ఆయనకి చెప్పేవారు లేరు. వేదిక మీద బాదం పాలు అందాయి లెండి, పంచదార కరువు కింద ఉన్నవాళ్ళకే. మా ఊళ్ళో బస్ షెల్టరైనా, నీళ్ళ ట్యాంకైనా రిబ్బన్ కోసం నెలల తరబడి కాచుకుంటుంది. సిమెంటు కాబట్టి కళ్ళు తిరిగి పడిపోదు.

పన్నెండింటికి, ఆకలికి ఆగలేక నాలుగు ఇడ్లీలు తిన్నాక నాకు రక్తం తీశారు. తిన్నానని చెప్పాను కూడా. చీటీ మీద ‘పరగడుపున: 168’ అని రాసిచ్చారు.

నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినానికి ఇంకో శిబిరమట. ఈసారైనా సూది ముందు, రిబ్బన్ తర్వాత పెట్టమనండి. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో కరపత్రంలో ఒక్క ముక్క వెయ్యమనండి. పంచదార పొట్లం నేను తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు