ముందు ఒడ్డు చేరనివ్వండి: కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ వినతిపత్రాలుగా పంపాను. ఒకదానికి రసీదు నంబరు వచ్చింది. రెండోది "సంబంధిత విభాగానికి పంపించాం" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మూడోదాని జాడే లేదు. తలుపు తట్టీ తట్టీ చేతులు నొప్పి పుట్టాయి కనుక ఈసారి నలుగురి ముందూ నిలబడి అడుగుతున్నాను. మర్యాద తప్పితే మన్నించండి.

బంగాళాఖాతంలో, అండమాన్ సముద్రంలో కొట్టుకుపోయే, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల పడవల గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. ఆ ఫైళ్ళు మీ దగ్గరే ఉన్నాయి. వాటిలో ఒక్క పడవ ఫైలు మళ్ళీ తెరవమని నా విన్నపం.

2021 ఫిబ్రవరి 11న, బంగ్లాదేశ్‌లో రోహింగ్యా శరణార్థుల శిబిరాలున్న కాక్స్ బజార్ నుంచి బయల్దేరిన పడవ అది. 90 మంది ఎక్కారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. నాలుగైదు రోజులకే ఇంజన్ ఆగిపోయింది. మన కోస్ట్‌గార్డ్ ఓడలు వెళ్ళి చూసేసరికి ఎనిమిది మంది చనిపోయి ఉన్నారు, ఒకరు కనిపించలేదు. 81 మంది బతికున్నారు. వాళ్ళకి తిండీ నీళ్ళూ ఇచ్చారు, జబ్బుపడ్డవాళ్ళకి మందులిచ్చారు. ఇదంతా అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. ఆ పని చేసిన నావికులకి నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

కానీ ఆ తర్వాత? మన నేల మీద కాలు పెట్టనివ్వలేదు. బంగ్లాదేశ్ తీసుకోవాలని మనం అన్నాం, మాకు ఆ బాధ్యత లేదని బంగ్లాదేశ్ అంది. చివరికి జూన్ 4న ఆ 81 మంది ఇండోనేషియాలో, ఆచె తీరాన ఒక చిన్న దీవిలో దిగారు. ఫిబ్రవరి 11 నుంచి జూన్ 4 దాకా, వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, 113 రోజులు. మన ఓడలు వాళ్ళని కనుక్కున్నది మొదటి పదిహేను రోజుల్లోనే. మిగిలిన మూడు నెలలకు పైచిలుకు రోజులకి జవాబు ఎవరు చెప్పాలి?

ఇంజన్ ఆగిన పడవలో రోజు గడవడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. నీడ ఉండదు. కాళ్ళు చాపుకునే చోటు ఉండదు. డబ్బాలో నీళ్ళు మూతతో కొలిచి పిల్లలకి ముందు పోస్తారు. ఆ డబ్బా కూడా ఖాళీ అయ్యాక చుట్టూ ఉన్న నీళ్ళే దోసిట్లోకి తీసుకుంటారు. ఆ ఉప్పుని బయటికి పంపడానికి ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా ఖర్చయిపోతాయి. తాగినకొద్దీ దాహం పెరుగుతుంది, పెదాలు పగులుతాయి, నాలుక వాస్తుంది, మనిషి ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడతాడు. ఆ ఎనిమిది మందినీ తీసుకుపోయింది తుఫాను కాదు, దాహం.

అందుకే "మానవతా సాయం అందించాం" అన్న మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. సముద్రంలో గాలింపు, రక్షణ గురించి 1979లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో మనమూ ఉన్నాం. అందులో రక్షణ అంటే ఏమిటో స్పష్టంగా రాసి ఉంది: ఆపదలో ఉన్నవాళ్ళని బయటికి తియ్యడం, తక్షణ అవసరాలు చూడడం, సురక్షితమైన చోటికి చేర్చడం. మూడూ కలిస్తేనే రక్షణ. మనం మధ్యది చేసి, చివరిది వదిలేశాం. అన్నం పెట్టి మళ్ళీ అదే సముద్రంలో ఉంచితే ఆ అన్నం ఎన్నాళ్ళు కాస్తుంది, అయ్యా?

2022 చివర్లోనూ అదే జరిగింది. 180 మందికి పైగా ఉన్న పడవ ఇంజన్ చెడిపోయి మన అండమాన్ దీవుల దగ్గర్లో తిరుగుతోందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చుట్టుపక్కల దేశాలన్నిటినీ వేడుకుంది. పడవలోంచి శాటిలైట్ ఫోన్‌లో తిండి లేదు, నీళ్ళు లేవు అని అయినవాళ్ళతో మొరపెట్టుకున్నారు. డిసెంబరు 26న 174 మంది ఆచెలో దిగారు. దారిలో 26 మంది పోయారని బతికినవాళ్ళు చెప్పారు. ఆ రోజు వీడియోల్లో ఒడ్డుకి వచ్చినవాళ్ళు నిలబడలేక ఇసకలోనే పడిపోవడం లోకమంతా చూసింది. మీరూ చూసే ఉంటారు.

2023లో ఈ రెండు సముద్రాల్లో పడవెక్కిన వాళ్ళు దాదాపు 4,500 మంది అయితే, చనిపోయిన, జాడ తెలియని వాళ్ళు 569 మంది అని అదే సంస్థ చెప్పింది. ఎనిమిది మందిలో ఒకరు. 2025 మే 9, 10 తేదీల్లో మునిగిన రెండు పడవల్లో 427 మంది పోయి ఉంటారని భయపడుతున్నట్టు ప్రకటించింది. అదే నెలలో, ఢిల్లీ నుంచి తీసుకెళ్ళిన సుమారు 40 మంది రోహింగ్యాలని మన నౌకాదళ ఓడ నుంచి లైఫ్ జాకెట్లతో నీళ్ళలోకి దింపారన్న వార్తల మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ విచారణ మొదలుపెట్టారు. అది అబద్ధమైతే అబద్ధమని ఆధారాలతో చెప్పండి. నిజమైతే కూడా చెప్పండి. మౌనం మాత్రం వద్దు.

భద్రత మాటేమిటంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. వేలిముద్రలు తీసుకోండి, ప్రశ్నించండి, శిబిరంలో ఉంచండి, ఏ దేశంతో మాట్లాడాలో మాట్లాడండి. అయితే ఆ పనులన్నీ నేల మీదే చెయ్యొచ్చు కదా? 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చెయ్యలేదన్న సంగతీ తెలుసు. మన రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణం గురించి చెప్పినప్పుడు "పౌరుడు" అనలేదు, "వ్యక్తి" అంది. చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రక్షణ పౌరులు కానివాళ్ళకీ ఉందని తేల్చింది.

2020 జూన్‌లో ఆచెలో లాంచోక్ అనే ఊరి దగ్గర సుమారు 100 మంది రోహింగ్యాల పడవని ఒడ్డుకి రానిచ్చేది లేదని అధికారులు అన్నారు. ఆ ఊరి జాలర్లు కోపం పట్టలేక తామే వెళ్ళి లాక్కొచ్చేశారు. సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ణి వదిలిరాకూడదన్నది వాళ్ళ తాతముత్తాతల కట్టుబాటు. రెక్కాడితే గానీ డొక్కాడని జాలర్లు చేసిన పని, ఇన్ని ఓడలున్న మనం ఎందుకు చెయ్యలేకపోతున్నాం?

నేను అడిగేది ఒకటే, మూడు ఉత్తరాల్లోనూ అదే అడిగాను. ముందు ఒడ్డు చేర్చండి, మిగతావన్నీ ఆ తర్వాత. ఆ మాట కోస్ట్‌గార్డ్‌కి రాతపూర్వకమైన ఆదేశంగా ఇవ్వండి. 2021లో ఆ పడవని దిగనివ్వొద్దని ఎవరు, ఏ కారణంతో నిర్ణయించారో చెప్పండి.

వానలు వెనకపట్టి సముద్రం నెమ్మదించగానే, అక్టోబరు నుంచి, పడవలు మళ్ళీ బయల్దేరతాయి. ప్రతి ఏడూ అంతే. ఆలోపు ఆదేశం వెళ్ళేలా చూడమని చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఈ ఉత్తరానికైనా జవాబు రాయండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక పౌరురాలు