డైనమో బాగానే ఉంది నాన్నా

నాన్నా,

మొన్న ఫోన్‌లో నా వ్యాన్ వెనక బ్యాటరీ నిండట్లేదని చెబితే, లైను సరిగా లేక నీకు సగమే వినిపించింది, "డైనమో పోయుంటుంది, విప్పించి చూడు" అని పెట్టేశావు. డైనమో పోలేదు. నీ పనికి సంబంధించిన సంగతే కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, అమ్మకి మాత్రం చలిలో పడుకున్న ముక్క చదివి వినిపించకు.

వ్యాన్ వెనక మంచం, ఫ్రిజ్, చిన్న డీజిల్ హీటర్ పెట్టానని ఫోటోలు పంపాను కదా. వాటికోసం 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటి విడిగా ఉంది, ఇక్కడ లీజర్ బ్యాటరీ అంటారు. మన ఇన్వర్టర్ బ్యాటరీ లాంటిదే అనుకో, సెల్ఫ్ కొట్టడానికి కాదు, గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇవ్వడానికి. బండి నడుస్తుంటే డైనమో రెండు బ్యాటరీలనూ ఛార్జ్ చేయాలి, ఆగితే రెండూ విడిపోవాలి, లేకపోతే ఫ్రిజ్ ఇంజను బ్యాటరీని కూడా లాగేసి పొద్దున్నే బండి తోసుకోవాలి. అందుకని మధ్యలో ఒక రిలే పెట్టాను. వోల్టేజీ 13.3 దాటితే కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది.

మాంచెస్టర్ నుంచి స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో దాకా దాదాపు ఆరు గంటలు నడిపాం. అంతసేపు నడిపాక బ్యాటరీ నిండి ఉండాలా వద్దా? రాత్రి రెండు గంటలప్పుడు మొదట ఫ్రిజ్, తర్వాత హీటర్ ఆగిపోయాయి. మీటర్ పెడితే 11.4 వోల్టులు, అంటే బ్యాటరీ ఖాళీ. స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాం.

తిరుగు ప్రయాణంలో మీటర్ వైర్లు ముందుకి లాగి పక్కన కూర్చున్న ఫ్రెండ్‌ని చదవమన్నాను. స్టార్ట్ చేయగానే 14.4, రిలే టక్కుమని కలిసింది. ఇరవై నిమిషాలకి, నేరుగా డెబ్బై మైళ్ల స్పీడులో పోతుంటే, 12.6! రిలే విడిపోయింది. పాత బండి అయితే నేనూ నీలాగే డైనమో మీద పడేవాణ్ణి. కానీ షాప్ అనే చోట (కొట్టు కాదు, ఎం6 రోడ్డు మీద కొండ పేరే అది) దిగుడులో కాలు తీయగానే 14.8కి లేచింది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే పడిపోయింది. అప్పుడు అర్థమైంది, ఇది రోగం కాదు, కావాలనే చేస్తోంది.

యూరో 6 పొగ నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో డైనమో వోల్టేజీని ఇంజను కంప్యూటరే ఆడిస్తోంది. ఇంజను బ్యాటరీ నిండిందనిపిస్తే వోల్టేజీ తగ్గించి డీజిల్ మిగుల్చుకుంటుంది, బ్రేకు వేసినప్పుడో కాలు తీసినప్పుడో ఊరికే పోయే ఊపుతో ఛార్జ్ చేస్తుంది. దాని లెక్కలో వెనక ఉన్న నా బ్యాటరీ అసలు లేనే లేదు! నువ్వు రెగ్యులేటర్ మార్చి 14.2 దగ్గర కూర్చోబెట్టే రోజులు ఈ బండికి పోయాయి నాన్నా.

ఇప్పుడు రిలే తీసేసి డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాను. లోపలికి 12.5 వచ్చినా 14.8 వచ్చినా అవతలికి బ్యాటరీకి కావాల్సిన వోల్టేజీతో, 30 ఆంపియర్లకు మించకుండా ఇస్తుంది. రెండు గంటలు నడిపితే లెక్కకి 60 ఏహెచ్ అయినా, నిండే కొద్దీ లెడ్ బ్యాటరీ తీసుకోవడం తగ్గిస్తుందని నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ అందరూ లిథియం వేయమన్నారు. అది ఎంత ఇస్తే అంత లాగుతుంది, ఛార్జర్ అడ్డం లేకుండా నేరుగా కలిపితే బండి నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు డైనమో ఫ్యాను మెల్లగా తిరుగుతూ, లోపలి రాగి చుట్లు మాడిపోవచ్చు. పైగా సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. నేను తిరిగే చోటుకి అదొక టెన్షన్, ఇంకో ఏడాది ఇప్పుడున్న ఏజీఎం రకం లెడ్ బ్యాటరీతోనే నెట్టుకొస్తా.

వైరు సన్నగా ఉందని నువ్వు తిట్టింది నిజమే. పోనూ రానూ పది మీటర్లు, పాత 6 స్క్వేర్ ఎంఎం వైరులో 30 ఆంపియర్లకి దగ్గర దగ్గర 0.9 వోల్టు దారిలోనే పోయేది, ఇప్పుడు 16 వేశాను, 0.3 పోతోంది. ఫ్యూజులు రెండు చివర్లా, బ్యాటరీల పక్కనే పెట్టాను. మైనస్ మాత్రం ఇంజను బ్యాటరీ పోల్‌కి కాకుండా బాడీకి ఇచ్చాను, ఎందుకంటే ఆ పోల్ మీద కరెంటు లెక్కపెట్టే సెన్సర్ ఉంది, దాన్ని దాటేస్తే కంప్యూటర్ లెక్క తప్పుతుంది. వైరు చివర బిగించే లగ్గులు టంకం పెట్టకుండా నొక్కించాను, ఫోటో పంపుతున్నా, చూసి చెప్పు.

తీసేసిన రిలే పాడవలేదు. పెదనాన్న మైక్‌సెట్ వ్యాన్‌ది పాత డైనమో కాబట్టి దానికి చక్కగా సరిపోతుంది, ఆ రెండో బ్యాటరీని ఇంకా జంపర్ వైర్లతోనే కలుపుతున్నాడా? సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తా, ఆయన బ్యాటరీల మధ్య దూరం టేపు పెట్టి కొలిచి ఉంచు.

నీ చిన్నోడు