మా రూములో అల్ అహ్లీ గోల

ఒరేయ్ రాజూ,

వాయిస్ మెసేజ్‌లు పెడితే సగం వినకుండానే ఫోన్ జేబులో పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. నువ్వడిగావు కదా, దోహాలో సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయని. మా రూములో ఒక ఈజిప్టు పెద్దాయన ఉన్నాడు. షుగర్ మాత్రలు మర్చిపోతాడేమో గానీ, అల్ అహ్లీ మ్యాచ్ టైము మాత్రం మర్చిపోడు. ఆయన పుణ్యమా అని ఆ పిచ్చి నాకూ అంటుకుంది.

ఇది కైరో ఫుట్‌బాల్ క్లబ్బురా. బ్రిటిష్ వాళ్ళ పెత్తనం నడుస్తుండగా, 1907లో, ఈజిప్టు కుర్రాళ్ళు కలుసుకోవడానికంటూ పెట్టారు. అహ్లీ అంటేనే 'జాతీయ' అని అర్థం. తమాషా ఏంటంటే, మొదటి అధ్యక్షుడు మాత్రం ఇంగ్లీషాయనే! ఈజిప్టు లీగ్ మొదలైన తర్వాత తొలి తొమ్మిది టైటిళ్ళూ వీళ్ళవే. 2024 నాటికి ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ 12 సార్లు గెలిచారు. అదే ఊరి పాత శత్రువు జమాలెక్ గెలిచింది 5. ఈ లెక్క మా పెద్దాయన రోజుకోసారైనా చెబుతాడు, పక్క రూములో జమాలెక్ అభిమాని ఉన్నాడు మరి.

ఆయన దేవుడు అబూత్రికా, అహ్లీ ఆటగాడు. 2006 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రెండో మ్యాచ్, ట్యునీషియాలో, అక్కడి స్ఫాక్సియన్ క్లబ్బు మీద. మొదటి మ్యాచ్ కైరోలో 1-1 అయింది. స్కోరు సమమైతే పరాయి ఊళ్ళో కొట్టిన గోల్‌కే విలువెక్కువ కాబట్టి, ఇక్కడ 0-0 అయినా కప్పు స్ఫాక్సియన్‌దే. 90 నిమిషాలు అయిపోయాయి. 92వ నిమిషంలో అబూత్రికా ఎడమ కాలితో కొట్టాడు చూడూ! ఆ గోల్ చూపించేటప్పుడు పెద్దాయన చాయ్ గ్లాసు దూరంగా జరుపుకుంటాడు. ఒకసారి నా లుంగీ మీద ఒలికిందిలే.

2012 సంగతి మాత్రం మెల్లగా చెబుతాడు. ఫిబ్రవరి 1న ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో, ఆ ఊరి క్లబ్బు అల్ మస్రీ అహ్లీ మీద 3-1తో గెలిచింది. అయినా వాళ్ళ జనం మైదానంలోకి దూకి అహ్లీ అభిమానుల మీద పడ్డారు. బయటికి పోయే గేటుకి తాళం. 74 మంది పోయారు. ఆట చూడటానికి వెళ్ళిన కుర్రాళ్ళురా. లీగ్ రద్దయింది. సెప్టెంబర్‌లో ఖాళీ స్టేడియంలో సూపర్ కప్ పెడితే, చనిపోయినవాళ్ళకి న్యాయం జరగాలని అడుగుతున్న అభిమానుల పక్షాన నిలబడి అబూత్రికా ఆడనన్నాడు. సొంత క్లబ్బే ఆయన్ని సస్పెండ్ చేసింది. దేశంలో లీగే లేని ఆ ఏడాది, నవంబర్‌లో ట్యునీషియా వెళ్ళి అక్కడి ఎస్పెరాన్స్ క్లబ్బును 2-1తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కప్పు తెచ్చారు. మిగతా పదకొండు కప్పులూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు అంటాను నేను. పెద్దాయన ఏమీ అనడు, ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

వచ్చేటప్పుడు నీకూ ఒక ఎర్ర జెర్సీ తెస్తా, అబూత్రికా 22 నంబరుది. సైజు రాయి. పొట్ట తగ్గిందని అబద్ధం చెప్పకు.

నీ
శీను