చదువులో గ్యాప్ ఉంటే ఉద్యోగం లేనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్తే. 2014లో గూగుల్ తన ఉద్యోగుల లెక్కలు బయటపెడితే టెక్నికల్ పనుల్లో ఆడవాళ్లు 17 శాతమే అని తేలింది, అప్పట్నుంచి పెద్ద కంపెనీలన్నీ డైవర్సిటీ డైవర్సిటీ (అన్ని రకాల వాళ్లకీ చోటివ్వడం) అంటూనే ఉన్నాయి, మంచిదే. మరి ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపూర్ పిల్లల సంగతేంటండీ? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకొచ్చాక ఇంగ్లీషు, కోడింగ్ బానే రాస్తారు గానీ గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలదు, అక్కడే ఏరేస్తారు. పైగా ఉద్యోగానికి అప్లై చేయాలంటే టెన్త్ నుంచీ అన్నిట్లో 60 శాతం ఉండాలట, చదువులో గ్యాప్ ఉండకూడదట. మా వీధిలో ఒకమ్మాయి వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేక చదువు ఆపి కిరాణా కొట్లో కూర్చుంది, తర్వాత బీటెక్ చేసింది, ఇప్పుడు ఆన్‌లైన్ ఫారమ్ గ్యాప్ దగ్గరే ఆగిపోతోంది! ముందు కోడ్ రాయించి చూడండి, మార్కుల లిస్టు తర్వాత అడగొచ్చు. విశాఖ, భువనేశ్వర్ దాకా వచ్చే కంపెనీలవాళ్లు మా దగ్గర్లోని బరంపురంలో కూడా ఓ ఉద్యోగాల డ్రైవ్ పెడితే ఏం పోయింది?

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా