ఇంటికొచ్చిన కోనన్ మన యాసలో మాట్లాడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో విదేశీ బొమ్మల కథ ఒకదాన్ని తెలుగులో ధారావాహికగా వేయదలచామని, ఏ కథ అయితే బాగుంటుందో పాఠకులు తెలియజేయాలని మీరు కిందటి వారం కోరారు. అమెరికాలో డార్క్ హార్స్ సంస్థ 2008లో మొదలుపెట్టిన ‘కోనన్ ది సిమ్మేరియన్’ను పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. కోనన్ పేరు వినగానే కండలు, కత్తులు, నెత్తురు గుర్తుకు రావడం సహజం. ఈ పుస్తకంలోనూ అవి లేకపోలేదు. అయితే ఇందులో అతడు నిధి కోసమో సింహాసనం కోసమో బయలుదేరడు. దక్షిణ దేశాల నగరాల్లో దొంగగా, కూలికి కత్తి పట్టిన సైనికుడిగా ఏళ్ల తరబడి బతికి, విసిగి, కొండల నడుమ ఉన్న తన పుట్టిన నేల సిమ్మేరియాకు తిరిగి వస్తాడు. గుజరాత్‌లోని వేరావల్ పడవల మీదికీ, చెన్నై, హైదరాబాద్ కట్టుబడి పనులకూ మనుషులను సాగనంపుతూ వాళ్ల రాక కోసం ఎదురుచూసే శ్రీకాకుళం జిల్లాకు ఇంత దగ్గరి కథ నాకు మరొకటి కనిపించలేదు.

కోనన్‌ను సృష్టించిన రాబర్ట్ ఇ. హోవార్డ్ తన జీవితంలో ఎక్కువ భాగం టెక్సాస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో గడిపి, ముప్పై ఏళ్లకే 1936లో కన్నుమూశాడు. కోనన్ తొలి కథ ‘వియర్డ్ టేల్స్’ పత్రిక 1932 డిసెంబరు సంచికలో అచ్చయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన సిమ్మేరియా మీద ఒక కవిత రాశాడు. శీతకాలపు వానమసకలో ఫ్రెడరిక్స్‌బర్గ్ ఎగువన చూసిన కొండల జ్ఞాపకం నుంచి అది పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. నేను సూచిస్తున్న ధారావాహిక ఆ కవితకు గీసిన బొమ్మలతోనే మొదలవుతుంది. ముసురు పట్టిన రోజున మందస వైపు నుంచి మహేంద్రగిరిని చూసినవారికి, శిఖరం మబ్బులో కలిసిపోయి, కింది అడవి నల్లగా, తడిగా మిగిలే ఆ దృశ్యాన్ని ఎరిగినవారికి, ఆ పేజీల రంగు కొత్తగా అనిపించదు.

రచయిత తిమోతీ ట్రూమన్ ఈ కథను రెండు పాయలుగా నడిపాడు. కోనన్ ఇంటికి వస్తున్న కథకు తోమాస్ జియొరెల్లో బొమ్మలు గీశాడు. అతడి తాత కొనాక్ట్ యవ్వనంలో దేశాలు తిరిగిన కథకు రిచర్డ్ కార్బెన్ గీశాడు. పేజీ తిప్పగానే బొమ్మ తీరే మారిపోతుంది, మనం మనవడి రోజుల నుంచి తాత రోజుల్లోకి వెళ్లామని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మా మనవడు తెచ్చిన పుస్తకంలో ఆ పేజీలు చూస్తున్నంతసేపూ నాకు మా తాతే గుర్తుకు వచ్చారు. ఆయన ఇక్కడి ఎంతోమందిలాగే కూలికి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి, జపాను బాంబులు పడ్డాక 1942లో చాలా దూరం కాలినడకన వచ్చి ఊరు చేరారు. గడ్డం పెరిగి, ఎముకలు తేలి గుమ్మం ముందు నిలబడిన మనిషిని ఆయన తల్లి బిచ్చగాడనుకుని చేటలో గుప్పెడు బియ్యం తెచ్చి జోలె పట్టమంది. “నానేనే అమ్మా, ఏటలాగ సూత్తన్నావు?” అన్నారట తాత. ఆమె చేటను అరుగు మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా నీళ్లు తెచ్చి ఆయన కాళ్లు కడిగింది. ముఖాన్ని పోల్చుకోలేని తల్లి మాటను పోల్చుకుంది.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ మాటే. కోనన్ నగరాల్లో ఉన్నంతవరకు అతడి సంభాషణలు, కథకుడి వాక్యాలు మామూలు పత్రికా భాషలో ఉండవచ్చు. అతడు సిమ్మేరియా పొలిమేర దాటిన క్షణం నుంచి మాత్రం అతడూ అతడి తెగవారూ కళింగాంధ్ర యాసలో మాట్లాడాలని నా కోరిక. మన యాసను సినిమాల్లో నవ్వించే పాత్రకో పనివాడికో ఇవ్వడం అలవాటైపోయింది. కోపంతో, దుఃఖంతో, ఆత్మాభిమానంతో నిలబడిన వీరుడి నోట అది వినబడటం బహు అరుదు. విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ను జనం మాట్లాడే భాషలో రాసి 1897లో అచ్చు వేయించిన నేల ఇది. కడప పాఠకుడికో కరీంనగర్ పాఠకుడికో ఒకటి రెండు మాటలు తెలియకపోవచ్చు కానీ, పక్కనే బొమ్మ ఉన్నప్పుడు ‘బేగి’ అంటే ఏమిటో, ‘గుంటడు’ అంటే ఎవరో చెప్పనక్కరలేదు.

పేరు విషయంలోనూ ఒక విన్నపం. కోనన్ పేరుకు ఇంగ్లిషులో తగిలించే ‘బార్బేరియన్’ అన్న మాటకు మూలమైన గ్రీకు పదం, అర్థంకాని భాషను ‘బర్‌బర్’మనే శబ్దంగా విన్నవారు పెట్టినది, మన ‘బర్బర’ శబ్దంలోనూ ఆ ధ్వని ఉంది. అంటే అది మాట తీరును బట్టి మనిషిని తక్కువ చేసిన పేరు. దాన్ని దయచేసి ‘ఆటవికుడు’ అని అనువదించవద్దు. మన కొండల్లో సవరలు, జాతాపులు ఉన్నారు. వాళ్ల పిల్లలూ మీ పత్రిక చదువుతారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. ఆయన జిల్లా నుంచి ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది. ‘సిమ్మేరియా కోనన్’ అంటే చాలు. అలాగే అతడు ‘క్రోమ్’ అన్న చోట ‘దేవుడా’ అని రాయకూడదు. క్రోమ్ మొక్కులు వినే దేవుడు కాడు; పుట్టినప్పుడు మనిషికి పోరాడే బలం ఇచ్చి, ఆ తరువాత కొండ మీద కూర్చుని పట్టించుకోనివాడు. ఆ పేరును పేరుగానే ఉంచాలి.

మాటల బుడగల్లో అక్షరాలు చేతితో రాయిస్తే మంచిది. ఇంగ్లిషు పెద్దక్షరాలకు సరిపడా గీసిన బుడగల్లో మన గుడులు, కింద ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి ఇబ్బంది అవుతుంది. పొట్టి మాటలున్న యాస అక్కడ కూడా ఉపయోగపడుతుంది. నరుకుళ్ల బొమ్మలు గట్టిగానే ఉన్నాయి కనుక దీన్ని పిల్లల పేజీలో వేయకుండా, హైస్కూలు దాటినవారి కోసమని పైన స్పష్టంగా ప్రకటించడం అవసరం.

అనువాదం మొదలుపెడితే, సంభాషణలను అచ్చుకు ముందు చదివి మన పలుకుబడిని సరిచూడటానికి నేనూ, నా తోటి ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులూ సిద్ధంగా ఉన్నాం. పారితోషికం అక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.