బీరువా వెనక వైఫై

ఎడిటర్ గారికి,

నెట్ ఆగగానే కంపెనీ వాళ్లను తిట్టుకుంటాం గానీ, ఒక్కోసారి తప్పు మనదే. మా రూటర్ ఇనుప బీరువా వెనక ఉండేది, పక్క గదిలో వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వినిపించేది. దాన్ని బయటికి తీసి కాస్త ఎత్తులో పెట్టగానే సర్దుకుంది. వైఫై అంటే రేడియో తరంగాలే కదా, లోహం అడ్డుకుంటుంది. ఆ తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది, కానీ బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ ఫ్రీక్వెన్సీలోనే పనిచేస్తాయి కాబట్టి రద్దీ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దాటాలంటే మాత్రం నీరసపడుతుంది. వైర్ల గొడవ లేకుండా ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగడం సుఖమే, కాదనను. అయితే ఆ సిగ్నల్ గోడ అవతలి వాళ్లకీ అందుతుంది, అందుకే రూటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ అనే భద్రతా తాళం పెట్టుకోవాలి, గట్టి పాస్‌వర్డ్‌తో (12345678 పాస్‌వర్డ్ కాదండీ!). కదలని డెస్క్‌టాప్‌కి నేనైతే ఇప్పటికీ కేబులే వాడతాను.

- ఒక పాఠకుడు