పూడిక తీసేటప్పుడు కొర్రమీనును గుర్తుంచుకోండి

సంపాదకులకు,

వేసవిలో చెరువు అడుగంటగానే ఇక చేపల్లేవనుకొని జేసీబీలు దింపుతున్నారు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను అప్పుడు బురదలోనే ఉంటుంది. దాని తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చే అర ఉంది. మూతి నీటిపైన పెట్టి గుక్కెడు గాలి తీసుకొని మళ్లీ మునుగుతుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది! నీరు తగ్గేకొద్దీ మెత్తటి ఒండ్రులోకి దూరి, ఒంటి జిగురు ఆరనంతకాలం కదలకుండా బతుకుతుంది. బీటలు లోపలిదాకా పారి తడి పోతే బతకదు.

అందుకే చెరువులో లోతైన గుంటనూ, దాని చుట్టూ తడి ఒండ్రునూ తవ్వకుండా వదలాలి. అంచుల్లోని తుంగ మొత్తం పీకెయ్యకూడదు. వానలు పడ్డాక జంట ఆ మొక్కల మధ్యే కాస్త చోటు చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపైన తేలుతాయి. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపును ఆనవాలుగా పెట్టుకొని గాలం వేయడం ఘోరం. పెద్దది పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. కనీసం తొలి వానల నెలల్లోనైనా గ్రామాల్లో దీన్ని ఆపించాలి.

— ఒక పాఠకుడు, కరీంనగర్